కప్పులెత్తే తొందర

ఒమన్‌లోని సమాయిల్‌లో నేను పనిచేసిన ఇంట్లో ఒక్క మాట చెప్పాలంటే దానికి ముందు ఇరవై మాటలు చెప్పాలి. బాగున్నావా, బాగున్నాను. పిల్లలు బాగున్నారా, బాగున్నారు. ఆవు బాగుందా, దేవుడి దయవల్ల అదీ బాగుంది. నిన్న సాయంత్రం నాలుగింటికి విడిపోయిన ఆడవాళ్లే ఈ రోజు పొద్దున పదింటికి ఎదురుపడి, పదేళ్లకు కలుసుకున్నట్టు ఇవన్నీ మళ్లీ మొదలుపెడతారు. చివర్లో సంగతులేమిటని అడుగుతారు. సంగతులేమీ లేవని చెబుతారు. ఏమీ లేనప్పుడు ఇంతసేపు దేనికి మాట్లాడినట్టో తెలియక నాకు ఒళ్లు మండేది.

మాది కడప జిల్లా, రాయచోటి పక్కన చిన్న పల్లె. మా ఆయన పోయాక కూతుర్ని మా అక్క దగ్గర వదిలి ఇంటిపనికి ఒమన్ వెళ్లాను. నేను చెప్పేది రెండువేల ఎనిమిది ఎండాకాలం సంగతి. అప్పటికి ఆ ఇంట్లో రెండేళ్లు నిండి రెండు నెలలు దాటింది. రెండేళ్లకు సెలవిచ్చి ఇంటికి పంపుతామన్నది తీసుకెళ్లేటప్పుడు వాళ్లు చెప్పిన మాటే. ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తడం లేదు.

ఇంటి పెద్ద అరవై దాటిన ఒక ముసలావిడ. అక్కడ పనివాళ్లం ఇంటావిడను మామా అంటాం, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆమె కొడుకు మస్కట్‌లో ఉద్యోగం చేస్తూ బుధవారం సాయంత్రం వచ్చి శుక్రవారం రాత్రికి వెళ్లిపోయేవాడు. నా వీసా ఆయన పేరు మీదే ఉంది. నాకంటే ఆరేడేళ్లు చిన్నవాడైనా ఆయన్ని బాబా అనాలి. మిగతా రోజులు ఆ ఇంట్లో మామా, నేను, పెరట్లో ఒక ఆవు, వంటింటి గడప మీద ఎప్పుడూ కాళ్లకు అడ్డంపడే ఒక పిల్లి. ఆవుకు ఖర్జూరాలు ఉడికించి అందులో ఎండుచేపలు కలిపి పెట్టాలి. ఆవు చేపలు తింటుందని చెబితే మా ఊళ్లో ఇప్పటికీ ఎవరూ నమ్మరు.

మామాకు మోకాళ్ల నొప్పులు. అందుకని వీధిలో ఉన్న ఐదారిళ్ల ఆడవాళ్లు రోజూ పదింటికి మా ఇంటికే కాఫీకి వచ్చేవాళ్లు. వాళ్ల కాఫీ మన కాఫీ కాదు. పాలూ చక్కెరా ఉండవు, ఏలకుల వాసన, చేదు. కహ్వా అంటారు. చాప పరిచి, ముందు పళ్లు కోసి పెట్టి, తర్వాత ఖర్జూరాలు, చేతులు కడుక్కోవడానికి గిన్నెలో నీళ్లు, ఆ తర్వాత పిడి లేని చిన్న కప్పుల్లో కహ్వా. అది చాలనిపించినవాళ్లు ఖాళీ కప్పును అటూ ఇటూ ఊపి ఇస్తారు. ఇదంతా నేనే అందించాలి. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటుంది, చేప కడగాలి, ఉతికిన బట్టలు మిద్దె మీద ఆరేయాలి. వీళ్లేమో ఎండ గురించీ, బంగారం ధర గురించీ, ఎవరి పిల్లి ఎన్ని పిల్లల్ని పెట్టిందన్న దాని గురించీ నింపాదిగా మాట్లాడుకుంటుంటారు. చివరి కప్పు ఊపడం ఆలస్యం, అన్నీ పళ్లెంలోకి ఎత్తేసి వంటింట్లో పడేదాన్ని. నా అంత చురుకైన పనిమనిషి ఆ వీధిలో లేదని నాకు గర్వంగా కూడా ఉండేది.

పక్కింట్లో పనిచేసే ఆవిడది గోదావరి జిల్లా. నాకంటే నాలుగేళ్లు ముందు వచ్చింది. వాళ్ల మామా వెంట రోజూ కాఫీకి వచ్చేది. నేను వెళ్లిన కొత్తలో నాకు మాటలు నేర్పింది ఆమే. ఎవరేమడిగినా బిఖేర్ అని చెప్పు, అంటే బాగున్నామని అర్థం, అది చాలంది. అది చాలని నేనూ నమ్మాను. కానీ ఆమె పని చేయడానికి వచ్చినట్టుండేది కాదు. చాప చివర కాళ్లు చాపుకొని కూర్చుని, తనూ ఒక కప్పు పుచ్చుకుని, వాళ్లతో సమానంగా కబుర్లాడేది. ఆమెను చూస్తే నాకు చిరాకు.

మే నెల మొదట్లో ఒక శుక్రవారం అక్క ఫోన్లో చెప్పింది, పిల్లకు గురుకులం బడిలో ఐదో తరగతి సీటు వచ్చిందని. నాలుగో తరగతి దాకా పల్లె బడిలో చదివిన పిల్ల. పరీక్ష రాసిన విషయమే నాకు సరిగా తెలియదు. జూన్ పన్నెండో తేదీలోపు తీసుకెళ్లి చేర్చాలి, లేకపోతే సీటు వేరేవాళ్లకు పోతుంది. అక్క ఫోన్ పిల్లకిచ్చింది. సంతోషంగా ఉందా అని అడిగాను.

“నువ్వొచ్చి ఇడిసిపెడితేనే పోతా. లేకుంటే పోను” అంది.

వస్తానన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలియదు. ఆ మరుసటి శుక్రవారం నుంచి అది బడి మాటే ఎత్తలేదు. ఫోన్ ఎత్తితే కుక్కపిల్ల గోలే. ఎక్కడినుంచో ఒక కుక్కపిల్లను తెచ్చుకుంది. అది పెద్దమ్మ చెప్పు కొరికిందట. సంగటి తినడం నేర్చిందట. వర్షం వస్తే గంప కింద దూరిందట. రెండు రియాళ్ల కార్డులో నిమిషాలన్నీ ఆ కుక్క మింగేసేది. “ఆ కుక్క సంగతి పక్కన బెట్టు, నీ సంగతి చెప్పు” అని నేను అరిచేదాన్ని. నా సంగతేముంది, బాగుండా అనేది. ఇంకా గట్టిగా అరిచేదాన్ని. మధ్యాహ్నం మామా పడుకునే వేళ అనే జ్ఞానం కూడా ఉండేది కాదు.

సెలవు అడగాలి. ఎలా అడగాలో మాత్రం తెలియడం లేదు. పొద్దున్నే మామాకు టీ తీసుకెళ్తూ ఈ రోజు అడిగేయాలనుకుంటాను. ఆమె నన్ను చూడగానే బాగున్నావా, రాత్రి నిద్ర పట్టిందా, మీ పిల్ల బాగుందా, సంగతులేమిటి అని వరుసపెడుతుంది. నా నోరేమో అలవాటుకొద్దీ బిఖేర్, సంగతులేం లేవు అనేస్తుంది. అలా అన్న తర్వాత ఇంకేం అడుగుతాను? వంటింట్లోకి వచ్చి నా నోటిని నేనే తిట్టుకునేదాన్ని.

రెండో వారం ఇలా కాదని, బుధవారం బాబా కారు దిగుతుండగానే ఎదురెళ్లి జూన్‌లో సెలవు కావాలన్నాను. నమస్కారం లేదు, ప్రయాణం ఎలా జరిగిందన్న పలకరింపు లేదు. ఆయన చేతిలో సంచులు అలాగే పట్టుకుని నన్ను ఎగాదిగా చూశాడు. ఇంట్లో ఏమైనా ప్రమాదం జరిగిందా అని అడిగాడు. లేదన్నాను. అయితే మామాతో మాట్లాడు, ఆమె ఎలా చెబితే అలా అని లోపలికి వెళ్లిపోయాడు. తల్లి ఆ మాటే ఎత్తదు, కొడుకు తల్లి మీద చెబుతాడు, ఇద్దరూ నన్ను ఆడిస్తున్నారనుకున్నాను.

ఇది చాలదన్నట్టు మూడో వారంలో గోదావరామెకు సెలవు దొరికింది. ఆమె కొడుకు ఇంటర్ తప్పాడట, ఇంటి దగ్గర ఒకటే గొడవగా ఉందట. నెల రోజులు వెళ్లి రమ్మని వాళ్ల మామాయే చెప్పిందట. కాఫీ అయ్యాక వంటింటి గుమ్మంలో నిలబడి ఆమె ఈ మాట చెబుతుంటే నాకు పుండు మీద కారం చల్లినట్టయింది. చాప మీద కూర్చుని వాళ్లను పొగిడితే సెలవులేం ఖర్మ, ఇళ్లు కూడా రాసిస్తారు అనేశాను.

ఆమె నొచ్చుకుంది, కానీ కోపం తెచ్చుకోలేదు. “నువ్వొకపాలి కూకుని చూడవే అమ్మాయ్. ఎప్పుడు చూడు పరిగెడతానే ఉంటావు” అంది.

నాకు కూర్చునే తీరికుంటే కదా అన్నాను.

ఆ శనివారం నీళ్ల ట్యాంకర్ రాలేదు. శుక్రవారం సాయంత్రమే మిద్దె మీద ట్యాంకు ఖాళీ అయింది. బట్టలు లేవు, గిన్నెలు కడిగేది లేదు. పదింటికి అందరూ వచ్చారు. మామూలు ప్రశ్నలు, మామూలు జవాబులు అయ్యాయి. ఆవు బాగుందా అని మామా ఎదురింటావిడను అడిగింది, దేవుడి దయ, బాగుందని ఆమె చెప్పింది. పళ్లు, ఖర్జూరాలు, కహ్వా అయ్యాయి. కప్పులు ఎత్తబోయి, ఎత్తి ఏం చేయాలో తోచక, పళ్లెం పక్కన పెట్టి చాప చివర కూలబడ్డాను. గోదావరామె జరిగి చోటిచ్చింది. ఎవరో నాకూ ఒక కప్పు పోసి ఇచ్చారు. రెండేళ్లలో వాళ్ల మధ్య కూర్చుని తాగడం అదే మొదలు.

నా కప్పు కూడా ఖాళీ అయింది. తర్వాత మామా గొంతు తగ్గించి, ఎదురింటావిడ వైపు తిరిగి మళ్లీ అడిగింది.

“ఇప్పుడు చెప్పు. సంగతులేమిటి?”

ఎదురింటావిడ కళ్లు తుడుచుకుంది. రాత్రి వాళ్ల ఆవు ఈనుతూ చచ్చిపోయిందట. దూడ మాత్రం బతికి ఉంది, దానికి సీసాతో పాలు పడుతున్నారట. పావుగంట కిందట ఆవు బాగుందని చెప్పిన మనిషే. మామా మా ఆవు పాలు దూడకు పంపిస్తానంది. తర్వాత ఇంకొకామెను అడిగింది. ఆమె మరిది పని పోగొట్టుకుని ఇంట్లో కూర్చున్నాడట. తలా ఒక సలహా చెప్పారు. గోదావరామెను కూడా అడిగారు, కొడుకు మళ్లీ పరీక్ష కడుతున్నాడా అని. ఆమె ఇంటి గుట్టంతా వాళ్లకు తెలుసు.

అంటే రోజూ ఇక్కడ ఇదే జరుగుతోంది. ముందు అడిగేది పలకరింపు. కడుపులో మాట చెప్పుకునేది కప్పులు ఆగాక. నేను సరిగ్గా అప్పుడే పళ్లెం ఎత్తుకుని వంటింట్లోకి పరిగెత్తేదాన్ని. రెండేళ్లు, రోజూ. నా చురుకుదనం తగలబెట్టనా అనిపించింది.

అప్పుడు మామా నావైపు చూసింది. “నువ్వు?”

బిఖేర్ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, నాకొచ్చిన ముక్కలు ముక్కల అరబ్బీలో చెప్పేశాను. పిల్ల, బడి, జూన్ పన్నెండు, నేను వస్తేనే వెళ్తానన్న మాట. మాట దొరకని చోట గోదావరామె అందించింది. చెప్పడం అయ్యేసరికి ఏడుస్తున్నాను. ఇంతమందిలో ఏడ్చినందుకు నా మీద నాకే మంటగా ఉంది.

మామా నన్ను తన పక్కకు పిలిచి కూర్చోబెట్టుకుంది. తర్వాత అంది: “శుక్రవారాలు నువ్వు ఫోన్లో అరవడం నాకు వినిపిస్తూనే ఉంది. నీ భాష నాకు రాదు. కానీ పిల్ల గురించేనని తెలుసు. రోజూ ఇక్కడ నీవైపు చూసేదాన్ని. నువ్వు కప్పులు తీసుకుని వెళ్లిపోయేదానివి. మాకు చెప్పడం ఇష్టం లేదనుకున్నాను.”

మూడు వారాలు. వంటింట్లోకి వచ్చి ఒక్క మాట అడిగితే ఆమె సొమ్మేం పోయేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఒక్క రోజు కూర్చుని చెబితే నా సొమ్మేం పోయేదని ఆమెకూ అనిపించే ఉంటుంది. ఆ సాయంత్రమే ఆమె కొడుక్కి ఫోన్ చేసింది. బుధవారం ఆయన టికెట్‌తో వచ్చాడు. ఈసారి దారి గురించీ, ఆరోగ్యం గురించీ ఆయన్ని అడిగాకే నేను టికెట్ కోసం చెయ్యి చాపాను. ఆయన నవ్వాడు.

శుక్రవారం దాకా ఆగలేక ఆ వెంటనే కార్డు గీకి ఫోన్ చేశాను. పిల్లే ఎత్తింది. ఈ పొద్దు శుక్రవారం కాదు కదా అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే కుక్కపిల్ల మాట ఎత్తుకుంది. దాని మెడకు ఎర్ర తాడు కట్టిందట. కోడిని తరిమి తన్నులు తినిందట. ఎప్పటిలాగే అరుపు నోటిదాకా వచ్చింది, కానీ ఆపుకున్నాను. అది చెప్పడం పూర్తయ్యేదాకా విన్నాను. ఇంకేం సంగతులని అడిగాను. ఇంకేం లేవంది. నేను మాట్లాడకుండా అలాగే ఉన్నాను. నిమిషాలు పోతే పోనీ అనుకున్నాను.

కొంతసేపటికి అది చిన్న గొంతుతో చెప్పింది. “పెద్దమ్మ రేకుపెట్టె కొనింది. పెదనాయన వచ్చి ఇడిసిపెడతాడంట. నేను సరే అంటి.”

నేను వస్తేనే వెళ్తానన్న పిల్ల, నేను రానని తనకు తానే నిర్ణయించుకుని, ఆ మాట నాకు చెప్పకుండా వారం వారం కుక్కను అడ్డం పెట్టింది. నాకది ముద్దు మాటల్లా, డబ్బు దండగలా వినిపించింది. తొందరగా టికెట్ సంగతి చెప్పాను. నిజంగానే వస్తున్నానని చెప్పాను. తేదీ చెప్పాను, విమానం టైము చెప్పాను, వస్తున్నాను వస్తున్నానని నాలుగుసార్లు చెప్పి ఉంటాను.

“వస్తాండానని చెప్పద్దు అమ్మా” అంది. “వచ్చినాక చెప్పు.”

సరేనన్నాను. తొమ్మిది రోజుల తర్వాత రాయచోటిలో బస్సు దిగినప్పుడు పిల్ల అక్క చెయ్యి పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది. ముందు ఆ మాట చెప్పి, తర్వాతే సంచి కింద పెట్టాను.