గేటు పాసు మీద పందొమ్మిదేళ్లు

నస్పూర్‌లో అబ్రహాం మాటంటే మాటే. చర్చిలో కానుకల లెక్క చూసే స్టూవర్డు, బొగ్గు యార్డుల్లో ముప్పయ్యేళ్లు కాంట్రాక్టు కూలీ. ఎవరింట్లో తగాదా వచ్చినా "అబ్రహామన్న ఏమంటడు?" అనేవాళ్లు జనం. అట్లాంటి మనిషి జీవితంలో ఒకే ఒక్క అబద్ధమాడాడు. అది పన్నెండేళ్లు కిక్కురుమనకుండా ఉండి, సరిగ్గా కొడుక్కి ఉద్యోగం వచ్చిన నెలలోనే మంచిర్యాల కోర్టులో బయటపడింది. ఎంత పని!

కొడుకు జోయల్ అటవీ శాఖలో బీట్ ఆఫీసర్‌గా ఎంపికయ్యాడు. నౌకరిలో చేరేముందు చేసే పోలీసు విచారణలో పాత కేసు తేలింది. 2013లో కాంట్రాక్టు కూలీల సమ్మెలో లారీ అద్దాలు పగిలితే, యార్డులో కూలికి పోతున్న జోయల్‌తో సహా దొరికినవాళ్లందరినీ పోలీసులు పట్టుకుపోయారు. వాయిదాలకు తిరగలేక జోయల్ తప్పొప్పుకుని జరిమానా కట్టాడు. కేసు ఖతమైందనుకున్నారు తండ్రీకొడుకులు. ఎక్కడి ఖతం? శిక్ష పడినట్టు రికార్డుల్లో తిష్ఠ వేసుకుని కూర్చుంది. అయితే అప్పటికి వాడికి నిండా పదహారేళ్లే. మైనరు మీద అట్లాంటి శిక్ష నిలవదని, రికార్డులోంచి తీసేయాలని వకీలు పద్మలత పిటిషన్ వేసింది. నెలాఖరులోగా ఆర్డరు చూపించకపోతే ఉద్యోగం పోయినట్టే.

బడి సర్టిఫికెట్టు ఉంది. చర్చిలో బాప్తిస్మం రిజిస్టరు ఉంది. ఇక అడ్డమేముంది అనుకునేలోపే, పద్మలత రికార్డు గది నుంచి తీయించిన పాత కట్టలో ఒక కాగితం కనబడింది. 'నా కొడుకు జోయల్‌కు పందొమ్మిదేళ్లు నిండినవి' అని రాసి, కింద అబ్రహాం సంతకం. పద్దెనిమిది దాటనివాళ్లకు యార్డు గేటు పాసు ఇవ్వరు కాబట్టి ఇచ్చిన కాగితం అది. పోలీసులు వయసు అందులోంచే ఎక్కించుకున్నారు.

అది చూసి జోయల్ మండిపడ్డాడు.

"గీ పని మేస్త్రి వెంకటిదే బాపూ! నీ పేరు మీద దొంగ సంతకం పెట్టిండు. కోర్టుల గదే చెప్పు. ఆయన సచ్చిపాయె, వచ్చి కాదంటడా?"

దొంగ సంతకం కాదు, అబ్రహాందే. అప్పట్లో భార్య గ్రేస్ కిడ్నీల జబ్బుతో మంచాన పడింది. ఇంకొకరి కూలి రాకపోతే మందులు లేవు. "వద్దన్నా, పోరడు చిన్నోడు" అని, కూలీలను పనిలో పెట్టే వెంకటి రెండుసార్లు చెప్పాడు. అబ్రహామే బతిమాలి సంతకం పెట్టాడు. గ్రేస్ దక్కలేదు. కేసులోంచి బయటపడి వచ్చిన కొడుకు "పందొమ్మిదని ఎవరు రాసిండ్రు?" అని అడిగితే, వాడి మొహం చూడలేక "మేస్త్రి" అనేశాడు. ఒక్క అబద్ధమన్నానా? రెండు. రెండోదే పాపిష్టిది. ఆ కోపంతో జోయల్ వెంకటిని కనబడ్డ చోటల్లా తిట్టాడు, అతని చావుకూ పోలేదు, తండ్రినీ పోనివ్వలేదు.

వాయిదా రోజు అబ్రహాం బోనెక్కాడు. దేవుని సాక్షిగా నిజమే చెబుతానని ప్రమాణం చేశాడు. వెనక బెంచీ మీద జోయల్ ముందుకు వంగి కూర్చున్నాడు.

ప్రభుత్వ వకీలు కాగితం చూపించాడు. "ఈ సంతకం మీదేనా?"

కాదంటే చాలు. కొడుకు ఉద్యోగం నిలుస్తుంది, కొడుకు ముందు తనూ నిలుస్తాడు. ఔనంటే, తండ్రే రాసిచ్చాడు కదా అని జడ్జిగారు పిటిషన్ కొట్టేయొచ్చు. పద్మలత ఆ సంగతి దాచలేదు, ఏదున్నా నిజమే చెప్పాలని కూడా అంది.

"నాదే సార్."

వెనక బెంచీ కిర్రుమంది.

"అప్పుడు కూలి కోసం పందొమ్మిదంటిరి. ఇప్పుడు నౌకరి కోసం పదహారంటున్నరు. మీ మాట ఏది నమ్మాలె?" అన్నాడు ప్రభుత్వ వకీలు.

"నా మాట నమ్మకున్రి సార్, నేను అబద్ధమాడినోణ్ణి. బాప్తిస్మం బుక్కు నమ్మున్రి, బడి కాగితం నమ్మున్రి. అవి రాసేటప్పుడు మాకు ఏ ఆశా లేకుండె. మేస్త్రి వెంకటి వద్దన్నడు. నేనే కాళ్లావేళ్లా పడ్డ. నా పోరని భుజం మీది బడి సంచి దించి, నెత్తిన బొగ్గు తట్ట పెట్టింది నేనే సార్."

జడ్జిగారు చాలాసేపు రాసుకుని, తీర్పు శుక్రవారానికి అన్నారు. అబ్రహాం వెనక్కి చూస్తే జోయల్ లేడు.

ఆ నాలుగు రోజులూ జోయల్ వండి పెడతాడు, తినమని అనడు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండునని అబ్రహాం ప్రాణం కొట్టుకుంది.

శుక్రవారం ఆర్డరొచ్చింది. జోయల్ మైనరే, ఆ శిక్ష చెల్లదు, రికార్డుల్లోంచి తీసేయాలి. పద్మలత కాగితం చేతికిచ్చింది.

"మరి నేను చెప్పిందో మేడం? అది గూడ తీసేస్తరా?" అడిగాడు అబ్రహాం.

"లేదు అబ్రహాం గారూ. మీ సాక్ష్యం ఫైల్లనే ఉంటది."

"ఉండనియ్యున్రి."

జోయల్ బండి తీసి, తండ్రి ఎక్కేదాకా ఆగాడు. నస్పూర్ చేరాక ఇంటివైపు పోకుండా పక్క సందులోకి తిప్పి, వెంకటి ఇంటి ముందు ఆపాడు. వెంకటి భార్య లచ్చవ్వ వాకిట్లో బియ్యం చెరుగుతోంది.

"గీడికెందుకురా?" అన్నాడు అబ్రహాం.

"దిగు బాపూ. సంతకం నీది, తిట్లు నావి. ఇద్దరం తప్పైందని చెప్పాలె."

లచ్చవ్వ చేట పక్కన పెట్టి, వచ్చిందెవరా అని లేచి చూసింది. అబ్రహాం చెప్పులు విప్పి ముందు నడిచాడు.