ఎడమవైపు సలాం

శ్రీకాళహస్తిలో మా వీధి మొదట్లో పరుపుల అంగడి ముందు ఒక మనిషి కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. టీ గ్లాసు పట్టుకుంటే సగం చొక్కా మీదే ఒలుకుతుంది. అది చూసి నవ్వుకునే కుర్రాళ్లకు ఒక సంగతి చెప్పాలి. ఆ చెయ్యి ఒకప్పుడు అనంతపురంలో ఒకడి దవడ విరగ్గొట్టింది. వాడి పన్ను ఎగిరొచ్చి నా చొక్కా మీద పడింది. ఆ మనిషి పేరు ఉబేద్, అప్పుడు రాష్ట్రానికి హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్. నేను, గిరిప్రసాద్‌ను, రింగు మూలలో నీళ్ల సీసా, తువ్వాలు పట్టుకుని నిలబడేవాణ్ణి.

వాళ్ల నాయన షఫీవుల్లా మామ పరుపులు కుట్టే మనిషి. కొడుకు మొదట గుద్దిన సంచీ ఆయన కుట్టిచ్చిందే, పాత పరుపుల దూదీ ఇసుకా దట్టించి. ఉబేద్ గుద్ది గుద్ది కుట్లు తెంపేవాడు, ఆయన తిట్టుకుంటూ మళ్లీ కుట్టేవాడు. ఊళ్లో కొడుకు పేరు ఎవరైనా ఎత్తితే చాలు, ఆయన ముఖం వెలిగిపోయేది. శుక్రవారం మసీదులో కొడుక్కి ఎడమపక్కనే కూర్చునేవాడు. ఆ చోట ఇంకెవర్నీ కూర్చోనిచ్చేవాడు కాదు.

ఉబేద్ కొట్లాటకు ఒక పద్ధతుండేది. మొదటి రౌండులో చేతులు దించేసి తల ముందుకు చాచేవాడు.

"కొట్టప్పా, కొట్టు! అన్నం తినకుండా వచ్చినావా?" అని వెక్కిరించేవాడు.

ఎదుటివాడు కణతల మీద, చెవుల మీద, దవడల మీద బాది బాది అలిసిపోయేవాడు. అప్పుడు వీడు మొదలుపెట్టేవాడు. పక్కటెముకల్లో ఒకటి, కడుపులో ఒకటి, మనిషి వంగగానే కిందినుంచి గడ్డం మీద ఒకటి. ఇక ఈలలు, చప్పట్లు. ఆ చప్పట్లు కొట్టినవాళ్లంటే నాకిప్పటికీ ఒళ్లు మంటే. వాళ్లు కొట్టే కొద్దీ వీడు తల చాచాడు. వీడు చాచే కొద్దీ ఆ తల లోపల ఏదో చితికిపోతూ వచ్చింది.

ముప్పై దాటాయో లేదో, మాట ముద్దగా రావడం మొదలైంది. చొక్కా గుండీలు భార్య ఉమ్మే హబీబా పెట్టాల్సొచ్చింది. నడుస్తూ నడుస్తూ ఎడమవైపుకు ఒరిగిపోయేవాడు. తిరుపతిలో స్కాన్ తీయించిన డాక్టరు మెదడు దెబ్బతిన్నదని చెప్పాడు. తలకు ఇంకొక్క దెబ్బ తగిలినా మనిషి మిగలడన్నాడు.

మర్నాడే శుక్రవారం. నమాజు చివర మోకాళ్లు మడిచి కూర్చుని, ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు ముఖం తిప్పి సలాం చెబుతారు. పోటీలకు పోయినప్పుడు లాడ్జి గదుల్లో వాడు చేస్తుంటే ఎన్నోసార్లు చూశాను. ఆ రోజు కుడివైపు సలాం బాగానే చెప్పాడట. ఎడమవైపు తిరగ్గానే కళ్లు తిరిగి, అంత మనిషీ వాళ్ల నాయన ఒళ్లో పడ్డాడు. పొద్దున భుజాలకు రుద్దుకున్న నొప్పుల మందు స్పిరిట్ వాసన కొడుతోంది. దానికి తోడు ఆ ముద్దమాట. ఇంకేం కావాలి?

నేను బయట బండి మీద ఉన్నాను. షఫీవుల్లా మామ కొడుకును చొక్కా పట్టుకుని మెట్ల దాకా ఈడ్చుకొచ్చాడు. చెంపలు వాయించాడు. చాలలేదేమో, చెప్పు తీసుకున్నాడు.

"తాగి మసీదుకొస్తావా? నా పక్కన కూసుంటావా?"

పెదవి చీలి గడ్డం మీదికి నెత్తురు కారుతున్నా ఉబేద్ చెయ్యెత్తలేదు. "తాగలే అబ్బా" అని నాయనతో అనబోయాడు. ఆ మాట కూడా తాగినవాడి మాటలాగే వచ్చింది.

ఇంటికి పోయాక హబీబా మామగారి ముందు నిలబడి ఏడ్చింది. "తలలో దెబ్బంట మామా. డాక్టరే సెప్పినాడు."

"తాగుడు దాసేదానికి డాక్టరు కూడానా? తాగినోడు రింగులో నిలబడలేడు. నిలబడి సూపించమను, నమ్ముతా."

మరుసటి శుక్రవారం ఆయన వేరే వరుసలో కూర్చున్నాడు. అది చూసొచ్చిన రోజే ఉబేద్ చిత్తూరు పోటీకి పేరిచ్చాడు. డాక్టరు చీటీ అడిగే పోటీ కాదది. ఎదుటివాడు తిరుపతి రఘునాథ్, దున్నపోతులాంటి కుర్రవాడు.

"సచ్చిపోతావురా" అని అరిచాను.

"సస్తే సస్తా గిరీ. తాగుబోతని పేరు పెట్టుకోని బతకలేను. మా అబ్బ నా పక్కన కూసోవల్ల."

చిత్తూరులో షఫీవుల్లా మామ జనం వెనకాల, గోడకు ఆనుకుని నిలబడి కనిపించాడు. ఉబేద్ కూడా చూశాడు. ఈసారి తల చాచలేదు, చేతులు పైకే పెట్టుకున్నాడు. కానీ ఆ చేతులు మాట వింటేగా? రఘునాథ్ మొదటి దెబ్బకే కనుబొమ చీల్చాడు. రెండోది చెవి మీద పడింది. నెత్తురు కంట్లోకి దిగి వీడు గుడ్డిగా చేతులు విసురుతుంటే, వాడు ముక్కు పగలగొట్టాడు. ఓడిపోయాం, ఇక ఆపమని నేను తువ్వాలు రింగులోకి విసిరాను. ఉబేద్ కాలితో దాన్ని బయటికి తన్నాడు. జనం కేకలు పెట్టారు. ఆ రెఫరీ అనేవాడు, వాణ్ణి మనిషనాలా, కానివ్వమని చెయ్యూపాడు. రఘునాథ్ కణత మీద కొట్టిన దెబ్బ చప్పుడు వెనక గోడదాకా వినపడి ఉంటుంది.

ఉబేద్ మోకాళ్ల మీద కూలాడు. రెఫరీ లెక్క మొదలుపెట్టాడు. లేస్తాడేమోనని అందరూ చూస్తున్నారు. లేవలేదు. కాళ్లు మడుచుకుని నెమ్మదిగా సర్దుకు కూర్చున్నాడు. గ్లవ్స్ రెండూ తొడల మీద పెట్టుకున్నాడు. ముఖం కుడివైపు తిప్పి పెదాలు కదిపాడు. జనంలో ఎవడో, "ఏమప్పా, నిద్రొస్తాండాదా?" అని నవ్వాడు.

వాడు రింగులో లేడు, మసీదులో ఉన్నాడు. ఇప్పుడు ఎడమవైపు తిరుగుతాడు, పడిపోతాడు.

అప్పటికే షఫీవుల్లా మామ జనాన్ని తోసుకుంటూ వస్తున్నాడు. రింగు కింద చెప్పులు విడిచాడు. తాళ్ల మధ్య నుంచి దూరి, కొడుక్కి ఎడమపక్కన మోకాళ్లు మడిచి కూర్చున్నాడు. ఉబేద్ ముఖం ఎడమవైపు తిరిగింది. ఆ తల, నెత్తుటితో సహా, నాయన భుజం మీద వాలింది.

"తాగలే అబ్బా."

"తెలిసెరా బేటా. తెలిసె."

రెఫరీ వంగి ఇంకా లెక్కపెడుతూనే ఉన్నాడు. షఫీవుల్లా మామ తలెత్తి వాడివైపు చూశాడు.

"గమ్మునుండప్పా," అన్నాడు. "నా కొడుకు నమాజు సేస్తాండాడు."