తడి మాస్టారి ఆరని ఫొటోలు

తడి మాస్టారు తీసిన ఫొటో ఏదీ చెప్పిన రోజుకి ఆరిన పాపాన పోలేదు. ఎండకి రోడ్డు మీద తారు కరిగి చెప్పులకి అంటుకునే రోజుల్లో కూడా ఆయన డార్క్ రూమ్ తలుపు ఓరగా తెరిచి, తల మాత్రం బయటపెట్టి, అదే మాట అనేవారు.

"ఇంకా ఆరలేదండీ. రేపోసారి రండి."

ఆ పేరు అందుకే వచ్చింది. అసలు పేరు స్టూడియో బోర్డు మీద ఉండాల్సింది గానీ, ఆ బోర్డు రాయడం ఆయనే మొదలుపెట్టి సగంలో ఆపేశారు. "మిగతా సగం ఎప్పుడు మాస్టారూ?" అని అడిగితే, "ముందు మొదటి సగం ఆరనివ్వండి!" అనేవారు. అప్పటికి అది రాసి తొమ్మిదేళ్ళు.

ఆయన స్టూడియో పక్కనే నా రేడియో రిపేరు కొట్టు. మధ్యలో ఉన్నది పలచటి చెక్క గోడ. కాబట్టి ఆయన్ని నేను కళ్ళతో కన్నా చెవులతోనే ఎక్కువగా చూశాను. కనబడ్డప్పుడల్లా చెవి మీద కుంచె, నుదుటి మీదకి ఎక్కించిన కళ్ళజోడు, మందు నీళ్ళలో నాని గోధుమరంగుకి తిరిగిన మూడు వేళ్ళు. రీలు కెమెరా తప్ప ఇంకోటి ముట్టుకునేవారు కాదు. ఫిలిం తనే కడిగేవారు. నెగటివ్ మీద సన్నటి పెన్సిలుతో జనం మొటిమలు మాన్పేవారు. వెనక వేలాడే తెర మీద చెరువులూ కొండలూ తనే గీసేవారు. నలుపు తెలుపు ఫొటోలకి రంగులద్దేటప్పుడు మాత్రం, స్టూడియోలో బల్ల మీద కాచుకుని కూర్చున్నవాళ్ళ సలహా అడిగేవారు.

"ఈవిడ చీర ఏ రంగై ఉంటుందంటారు?"

"ఆకుపచ్చ!"

"ఆ అంచుకి ఆకుపచ్చేమిటండీ, వంగపండు రంగు!"

"ఆవిడనే అడగొచ్చు కదా మాస్టారూ?"

"అడిగేవాణ్ణే. పొద్దున్నే వచ్చింది. ఆరలేదని పంపించేశాను. ఇదీ నా తొందరపాటు!"

ఆ బల్ల ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు. ఒక చివర రిటైరైన గుమాస్తాగారు. ఆయనది ఒకే ఒక్క చిన్న ఫొటో, నాలుగు నెలలుగా ఆరుతోంది. ఇంట్లో పలకరించే మనిషి లేడు పాపం, రోజూ పదింటికల్లా వచ్చి, "ఆరిందా?" అని అడిగి, ఆరలేదనిపించుకుని, టీ తాగి, పేపరంతా చదివి, మధ్యాహ్నానికి లేచి వెళ్ళేవారు. ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. ఆయన ఓపికకి మేమంతా ఆశ్చర్యపోయేవాళ్ళం.

మాస్టారి భార్య క్యారేజీ పట్టుకొచ్చినప్పుడల్లా బల్ల మీదున్న వాళ్ళని చూసి నవ్వేది. "మీరు వారం రోజులకే గింజుకుంటున్నారా? మా పెళ్ళి ఫొటోలు నేనే కడుగుతానని రీలు లాక్కున్నారు. ముప్ఫై ఏళ్ళయింది. ఇంకా ఆరలేదట!"

లోపల్నించి మాస్టారి గొంతు: "ఆరితే నువ్వు రోజూ ఇంత దూరం ఎందుకొస్తావే?"

బల్లంతా నవ్వేది. గోడకి ఇవతల నేనూ నవ్వేవాణ్ణి. అది వేళాకోళమే అనుకున్నాను. ఉద్యోగం దరఖాస్తుకనో, ఆసుపత్రి చీటీకనో పరుగెత్తుకుంటూ వచ్చిన వాళ్ళ ఫొటోలు అరగంటలో ఎలా ఆరిపోతున్నాయో ఆలోచించాలని నాకు తట్టనే లేదు. తడిసిన కాగితం మనిషి అవసరం చూసి ఆరుతుందా?

ఇక నా సంగతి చెప్పాలి. రేడియో పని నాకు ఎవరూ నేర్పలేదు. పాతవి విప్పి, బిగించి, మళ్ళీ విప్పి, షాకులు కొట్టించుకుని నేర్చుకున్నాను. మా అన్నయ్య అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాడు. తప్పు కనిపిస్తే ఊరుకోలేడు. ఆరేళ్ళ కిందట వాళ్ళింట్లో రేడియో గరగరమంటోందంటే నేను విప్పాను. గరగర పోయింది. గరగరతో పాటు పాటా పోయింది. అన్నయ్య పదిమందిలో, "చదువుకోని డాక్టరుకి నాడి చూపిస్తే ఇంతే!" అన్నాడు. నేను స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని వచ్చేశాను. ఆ రోజు నుంచి ఆ రేడియో పలకలేదు, మేమూ పలకలేదు.

పోట్లాడుకునుంటే ఎప్పుడో రాజీపడేవాళ్ళం. పోట్లాట కూడా లేదు. రోడ్డు మీద ఎదురైతే ఆయన ఆకాశం చూసేవాడు, నేను చెప్పులు చూసుకునేవాణ్ణి. ఇంకో ఏడాది ఇలాగే గడిస్తే ఇక అలవాటైపోతుందని, అన్నయ్య ఉన్నాడన్న సంగతే మర్చిపోతానని నాకు లోపల బెంగగా ఉండేది. ముందు ఎవరు పలకాలన్నదే చిక్కు.

అలా ఉండగా వేరే ఊళ్ళో ఉన్న అక్క మా ఇద్దరికీ చెరో ఉత్తరం రాసింది. "మీ మొహాలు మర్చిపోతున్నాను. చెరో ఫొటో పంపండి." నేను సోమవారం వెళ్ళి తీయించుకున్నాను. అన్నయ్య మంగళవారం వచ్చాడు. గోడ అవతల గొంతు వినగానే నా చేతిలో పని ఆగిపోయింది. "నిటారుగా కూర్చోండి... అంత నిటారుగా కాదు, ఫొటో తీస్తున్నాను, కొలతలు కాదు," అంటున్నారు మాస్టారు.

బుధవారం నాతో, "సాయంత్రం అయిదింటికి రా, ఆరిపోతుంది," అన్నారు. వెళ్తే బల్ల మీద అన్నయ్య. ఆయనకీ అయిదింటికే చెప్పారు. ఆయన ఆకాశం కోసం పైకి చూశాడు, పైకప్పు కనిపించింది. నేను చెప్పులు చూసుకున్నాను. తలుపు ఓరగా తెరుచుకుంది.

"ఇంకా ఆరలేదండీ. రేపు, ఇదే వేళకి."

అలా రోజూ అయిదింటికి. బల్లకి ఆ చివర ఆయన, ఈ చివర నేను, మధ్యలో ముగ్గురు పట్టే ఖాళీ. మాస్టారు మా ఎదురుగా కొత్త తెర గీసుకుంటూ ఉండేవారు. చెరువు, చెరువులో పడవ, పడవలో ఒక మనిషి. పడవకి మాత్రం తెడ్డు లేదు. మొదటిరోజు మర్చిపోయారనుకున్నాను. మూడోరోజు కొంగని గీశారు. అయిదోరోజు కొంగ నోట్లో చేపని గీశారు. ఎనిమిదోరోజు ఆ చేపకి పొలుసులు కూడా వచ్చాయి. తెడ్డు రాలేదు! అన్నయ్య అవస్థ నాకు తెలుస్తూనే ఉంది. కాలు ఊపుతున్నాడు, గొంతు సవరించుకుంటున్నాడు, జేబులోంచి ఎర్ర పెన్సిలు తీసి మళ్ళీ లోపల పెడుతున్నాడు. కానీ నోరు విప్పితే నాకు వినబడుతుందని పట్టుదల. నా నోరూ అందుకే కుట్టేసి ఉంది.

పధ్నాలుగో రోజు వెళ్ళేసరికి మాస్టారు గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నారు.

"బల్ల కింద నేల కడిగాను. ఇంకా ఆరలేదు. కాస్త ఆ బల్ల తెర ముందుకి జరపండి ఇద్దరూ."

నేల కూడానా! ఆ చివర ఆయన ఎత్తాడు, ఈ చివర నేను ఎత్తాను. ఒక్క మాట లేకుండా మోసుకెళ్ళి, తెర ముందు దించి, కెమెరా వైపు మొహాలు పెట్టి కూర్చున్నాం. మాస్టారు కెమెరా పక్కన నిలబడి తెరకేసి మురిసిపోతూ చూశారు.

"ఇవాళ్టితో అయిపోయింది నా పడవ. ఒక్క తప్పు లేదు కదా?"

ఇద్దరం వెనక్కి తిరిగి చూశాం. ఇద్దరం ముందుకి తిరిగాం. ఒక్క గొంతుతో అరిచాం.

"తెడ్డేదీ?"

కెమెరా క్లిక్‌మంది. మాకు పట్టలేదు.

"తెడ్డు లేకుండా పడవ ఎలా నడుస్తుందయ్యా? వాడు నీళ్ళలో చెయ్యి పెట్టి తోసుకుంటాడా?" అన్నాడు అన్నయ్య.

"చేపకి పొలుసులు గీసే తీరికుంది, తెడ్డుకి లేదా?" అన్నాను నేను.

"అలా అడగరా! పధ్నాలుగు రోజులు! ఒక బొటనవేలంత ఫొటో ఆరడానికి!"

"అదేగా అన్నయ్యా, మా కొట్లో తడిబట్ట అరగంటలో..."

అక్కడ ఆగిపోయాను. ఆయనా ఆగిపోయాడు. 'రా' అన్నది ఆయన నోటి వెంటే, 'అన్నయ్యా' అన్నది నా నోటి వెంటే. వెనక్కి తీసుకోవడానికి ఇద్దరికీ దారి లేదు.

మాస్టారు లోపలికి వెళ్ళి ఒక కవరు తెచ్చి మా మధ్య పెట్టారు. అందులో మా ఫొటోలు రెండూ, ఎండి గలగలలాడుతూ. కవరు మీద ఆయన చేతిరాత: 'ఇద్దరూ కలిసి అడిగినప్పుడు ఇవ్వాలి.' కింద తేదీ.

అన్నయ్య కళ్ళజోడు సవరించుకున్నాడు. "తేదీ తప్పు పడింది మాస్టారూ. రెండువారాల కిందటిది వేశారు."

"సరిగ్గానే వేశాను," అన్నారు మాస్టారు. "ఇప్పుడు తీసింది మాత్రం నిజంగానే తడి. రేపు రండి."

నేను రోజూ పొద్దున ఆ బల్ల చివర కూర్చునే గుమాస్తాగారి గురించి ఆలోచించాను. ఆయన ఓపిక గురించీ, రోజూ క్యారేజీ మోసుకొచ్చే ఆవిడ గురించీ. అన్నేళ్ళు గోడకి చెవి ఆనించి విన్నవాణ్ణి, అసలు మాట వినలేదన్నమాట.

అక్కకి మేమిద్దరం నోళ్ళు తెరిచి అరుస్తున్న ఫొటోయే పంపాం. 'చిన్నప్పటిలాగే ఉన్నారు,' అని జవాబు రాసింది. మర్నాటికి తెర మీద పడవకి రెండు తెడ్లు మొలిచాయి.

ఆ వారమే అన్నయ్య అటక మీది రేడియో దించి, సంచిలో పెట్టుకుని నా కొట్టుకి తెచ్చాడు. ఆరేళ్ళ కిందట కనపడని తప్పు ఇప్పుడు పది నిమిషాల్లో కనపడింది. లోపల ఒక తీగ ఊడింది, అంతే. అతికాను. శుభ్రంగా పాడింది.

సాయంత్రం అయిదింటికి మెట్ల మీద అన్నయ్య అడుగుల చప్పుడు వినిపించింది. గబుక్కున రేడియో కట్టేసి, వెనక మూత ఊడదీసి పెట్టాను.

"అయిందిరా?"

"ఇంకా కాలేదన్నయ్యా. రేపోసారి రా."

గోడ అవతల కుంచె చప్పుడు ఆగింది. ఎవరో దగ్గినట్టు నవ్వారు.

అన్నయ్య రేడియో మీద చెయ్యి పెట్టాడు. అది ఇంకా వెచ్చగానే ఉంది. తప్పు కనిపిస్తే ఊరుకోలేని మనిషి నా మొహంలోకి చూసి, ఆ ఒక్కటీ దిద్దకుండా వదిలేశాడు.

"ఆరలేదన్నమాట," అని స్టూలు లాక్కుని కూర్చున్నాడు.