కత్తెరమ్మ వాచిన వేలు

కొత్త గౌను ఇరుకైందని ఒకావిడ వీధంతా వినపడేలా దర్జీ కత్తెరమ్మ మీద విరుచుకుపడింది. గుడ్డ కాజేసి కొలత తగ్గించిందంది. కత్తెరమ్మ మిషను ఆపలేదు. కుట్టు కొసదాకా వచ్చాక దారం తెంపి, "కొలతిచ్చేటప్పుడు పొట్ట లోపలికి లాక్కున్నారుగా. తొడుక్కునేటప్పుడు కూడా అలాగే లాక్కోండి, సరిపోతుంది" అంది. ఆవిడ గౌను చంకన పెట్టుకుని నడిచింది. ఎదురింటి పెద్దమ్మ కిటికీలోంచి ఇదంతా చూసి, నోరుంటే తల కాస్తుందన్న సామెత ఈ పిల్లని చూసే పుట్టి ఉంటుందనుకుంది.

అంతటి నోరూ చెల్లెలి ఎదుట మూగబోతుంది. చిన్నప్పుడు ఇద్దరిదీ ఒకటే పరుపు. చెల్లెలు ఉన్నట్టుండి చెంబులకి చెంబులు నీళ్లు తాగడం, పక్క తడపడం మొదలుపెట్టింది. అక్క విసిగిపోయి ఓ రోజు చెంబు దాచేసింది. దాహమని ఏడుస్తుంటే అటు తిరిగి పడుకుంది. తెల్లారేసరికి పిల్లకి స్పృహ లేదు. ఆసుపత్రిలో చక్కెర జబ్బన్నారు. అప్పటినుంచీ పూటపూటా ఇన్సులిన్ సూదే. చెంబుకీ జబ్బుకీ సంబంధం లేదని డాక్టర్లు చెప్పినా అక్క చెవికెక్కలేదు. చెల్లెలు ఆ చెంబునే మర్చిపోయింది. మర్చిపోయినవాళ్లని క్షమించమని అడిగేదెట్లా?

ఈమధ్య ఆసుపత్రి డాక్టరమ్మ, ఈ జబ్బున్నవాళ్ల నెత్తురునీ లేనివాళ్ల నెత్తురునీ పక్కపక్కన పెట్టి చూస్తున్నామంది. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే ఇన్సులిన్ చేసే కణాల మీద పడతాయట. కంచే చేను మేయడమంటే ఇదే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ అలాంటి తుంటరి కణాలు కొన్ని ఉంటాయట. కాకపోతే వాటి చెవి మెలేసి కూర్చోబెట్టే కణాలు కూడా ఉంటాయి కనక అణిగి ఉంటాయట. ఆ కూర్చోబెట్టే విద్య తెలిస్తే రేపు ఇంకో పిల్లకి పనికొస్తుందని విని, జబ్బులేని మనిషిగా నెత్తురివ్వడానికి కత్తెరమ్మ చెయ్యి చాపింది.

అక్కడే వచ్చింది తంటా. అంతకుముందే మిషను సూది దిగి ఆమె వేలు వాచి, చీము పట్టి, ఒళ్లు కాలిపోతోంది. జ్వరంగానీ పుండుగానీ ఉందా అని నర్సు అడగనే అడిగింది. ఉందంటే వెనక్కి పంపేస్తారు, ఈ ఒక్క పుణ్యమూ చేజారుతుంది. జ్వరం మాత్ర ముందే మింగి వచ్చిన మహాతల్లి, వేలికి చుట్టిన గుడ్డపీలిక చూపించి, కుట్టుపనిలో ఇవి మామూలేనంది.

పరీక్షలో ఆమె కణాలన్నీ రేగిపోయి కనిపించాయి. చీము మీద యుద్ధానికి లేచినవని డాక్టరమ్మకేం తెలుసు? ఇప్పుడే ఏమీ చెప్పలేం, మళ్లీ చూద్దాం రమ్మంది.

ఆ మాటతో చెల్లెలు కుప్పకూలింది. తన జబ్బే అక్కకీ అంటుకుందని దాని గోల. అంటుకునేది కాదన్నా వినదు. మర్నాడు పొద్దున ఇన్సులిన్ సూది వేసుకుని, ముద్ద దిగక కంచం తోసేసింది. కాసేపటికే నెత్తుట్లో చక్కెర పడిపోయి ఒళ్లంతా చెమటలు, వణుకు. అక్క పంచదార నీళ్లు పట్టించి ఒళ్లో పడుకోబెట్టుకుంటే, కళ్లు తెరిచి, "నా వల్లే కదే అక్కా" అంది.

చెల్లెలు కాస్త తేరుకుని నాలుగు ముద్దలు తిన్నాక, కత్తెరమ్మ ఎదురింటికి వచ్చి చెంబు దగ్గర్నుంచి వేలి దాకా అంతా పెద్దమ్మ ముందు కక్కేసింది. పెద్దమ్మ, తనే వెళ్లి చెల్లెలికి మెల్లగా నచ్చజెబుతానంది. కత్తెరమ్మ తల అడ్డంగా ఊపింది.

"నేనే చెప్తాను పెద్దమ్మా. దానికి చెప్పి, డాక్టరమ్మకీ చెప్తాను. నువ్వొచ్చి గుమ్మంలో కూర్చో, చాలు. నేను మాట దాటేస్తుంటే మాత్రం వదలకు. అది తిట్టడం మొదలెడితే, నీకు దణ్ణం పెడతాను, నా తరఫున ఒక్క మాట కూడా మాట్లాడకు."