చవక రీలుతో ఎస్పీ రోడ్డుకు, అక్కడి నుంచి అత్తిబెలె చెరువుకు

చేపలు పట్టే రీలును సోమవారం ఆఫీసులో ఎవరికో ఇచ్చేస్తానని మా తమ్ముడు దాసు గురువారం భోజనాల దగ్గర అన్నాడు. శనివారం ఒక్కరోజు నాకివ్వు, తర్వాత నీ ఇష్టం అన్నాను. ఈ ప్రయాణం అలా మొదలైంది. 2007 డిసెంబరు సంగతి. బెంగళూరులో చవక రీలు బాగుచేయించుకుని అదే రోజు చెరువు దాకా వెళ్ళి చూసుకోవాలనుకునేవారికి దారి తెలుస్తుందని రాస్తున్నాను.

దాసుకు నలభై మూడేళ్ళు. ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం. మేం నలుగురం, నేను పెద్దదాన్ని, వాడు చివరివాడు. ఆ జూలైలో వాడికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. నేను నర్సును కాబట్టి మా ఇంట్లోనే ఉంచుకున్నాను. భుజం వచ్చింది, మోచెయ్యి వచ్చింది, బొటనవేలు మాత్రం వెనకబడింది. డాక్టరు రబ్బరు బంతి నొక్కమన్నారు. వాడు పదిసార్లు నొక్కి సోఫా కిందికి దొర్లించేసేవాడు. ఆ వేలు దానంతట అది కదలడం నేను చూసింది ఒక్కచోటే, ఈ రీలు చేతిలో పెట్టినప్పుడు.

అది బెయిట్‌కాస్టింగ్ రీలు. గాలం విసిరినప్పుడు దారం చుట్టిన స్పూల్ గిర్రున తిరుగుతుంది. దాన్ని అదుపులో పెట్టాల్సింది బొటనవేలే. వేలు ఆలస్యమైతే స్పూల్ దారంకన్నా ముందు పరుగెత్తి అంతా చిక్కుపడుతుంది. ఖరీదైనదేం కాదు, పన్నెండు వందలకు కొన్నాడు. వాడు మంచంలో ఉన్న నెలల్లో అది తుప్పు పట్టకూడదని ప్రతి శనివారం యూనిఫాంలు ఇస్త్రీ చేశాక పక్కమూత తీసి రెండు చుక్కల నూనె వేసేదాన్ని. వేస్తూ వాడి పేరు చెప్పి ప్రార్థన చేసేదాన్ని.

డిసెంబరు మొదట్లో వాడు లేచి ఇంటి వెనక ఖాళీ స్థలంలో విసిరి చూశాడు. మూడు రోజులు పొద్దున ఆరింటికి వెళ్ళాడు. గాలం ఎనిమిది అడుగుల దూరంలో పడింది. ఒక మధ్యాహ్నం విసిరితే ఒక్కసారిగా వదులై దారమంతా చిక్కుపడింది. "పొద్దున బలం లేదు, మధ్యాహ్నం అదుపు లేదు. ఇక ఈ చెయ్యి ఇంతే పెద్దక్కా," అన్నాడు. బంతిని కూడా ముట్టుకోవడం మానేశాడు. ఇలాంటి జబ్బులో మొదటి నెలలు ఎంత విలువైనవో వార్డులో చూసినదాన్ని. నా భయం రీలు గురించి కాదు.

శనివారం ఐదింటికి లేచి ప్రార్థన ముగించాను. చలికి గడ్డకట్టిన కొబ్బరినూనె సీసాను వేడినీళ్ళ చెంబులో పెట్టి కరిగాక తల దువ్వుకున్నాను. ఉప్మా డబ్బాలో సర్దాను. మా కమ్మనహళ్ళిలో ఎనిమిదిన్నరకు మార్కెట్ బస్సెక్కాం. రోజంతా తిరగాలి కాబట్టి ముప్పై రూపాయల పాసు తీసుకోవడమే మేలు, హోసూరు దారిలో చెరువున్న అత్తిబెలె దాకా పనికొస్తుంది. గుడ్డలో చుట్టిన గాలపు కర్రను చూసి కండక్టరు కర్టెన్ రాడ్డా అని అడిగాడు. దాసు అవునన్నాడు.

మార్కెట్‌లో దిగి పది నిమిషాలు నడిస్తే విడిభాగాలు అమ్మే ఎస్పీ రోడ్డు. దుకాణాలు పదింటికి ముందు తెరవరు. మేం వెళ్ళింది ఒక పక్కసందులోని మునియప్ప కొట్టుకు. మా ఆసుపత్రి స్ట్రెచర్ల చక్రాలకు బేరింగులు వేసేది ఆయనే. అరవై దాటిన మనిషి, పుట్టి పెరిగింది బెంగళూరులోనే, ఇంట్లో తెలుగు.

"ఏం సిస్టరమ్మా, ఈ తూరి స్ట్రెచర్ తేలేదా?" అంటూ రీలు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదేం మిషనప్పా, ఇంత పుట్టిగా, బొమ్మ మాదిరి ఉండాది?"

"చేపల రీలండీ," అన్నాడు దాసు. "స్పూల్‌కి రెండు పక్కలా బేరింగులుంటాయి. మంచివి వేస్తే ఫ్రీగా తిరుగుతుందని మా అక్క నమ్మకం."

"మీ నమ్మకం ఏం సారూ?"

"వేస్టని."

"అట్లయితే మీరు పోయి కాఫీ తాగి రాండి. నమ్మకం లేనోళ్ళ ముందర నాకు స్క్రూలు కింద పడతాయి."

దాసు నవ్వకుండానే వెళ్ళాడు. మునియప్ప పక్కమూత విప్పి స్పూల్ బయటికి లాగాడు. సన్నటి పట్టకారుతో బేరింగు తీసి కళ్ళద్దాల దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"సిస్టరమ్మా, దీన్లో కొబ్బెర నూనె పోసినారే ఎవరో."

నేను దగ్గరికి వంగి చూశాను.

"చూడండి, ఎట్ల గడ్డ కట్టుండాదో. తెల్లగా, మైనం మాదిరి. ఈ చలికి ఇదేం తిరుగుతాది? ఎండెక్కితే కరిగి, అప్పుడు వద్దన్నా పరిగెత్తుతాది."

పొద్దున వేడినీళ్ళలో పెట్టిన సీసా గుర్తొచ్చింది. ప్రతి డిసెంబరూ అదే పని చేస్తాను. అయినా రీలు సంగతి తట్టలేదు.

"పోసింది నేనేనండీ," అన్నాను.

ఆయన నన్ను చూసి, గట్టిగా నవ్వబోయి, ఆగాడు. "మా ఇంటామె కూడా నా తాళాలకి అదే పోస్తాది. బాధ పడొద్దండి, బేరింగు చెడలేదు."

ఒక గిన్నెలో కిరసనాయిలు పోసి బేరింగులు రెండూ నానబెట్టి, బ్రష్‌తో కడిగి, పెట్రోలులో మరోసారి ముంచి ఆరబెట్టాడు. ఒకటి శుభ్రంగా తిరిగింది. రెండోది వేలిమీద కొంచెం గరగరమంది. లోపలి రంధ్రం మూడు మిల్లీమీటర్లు, బయటి కొలత పది, మందం నాలుగు. మీరు వెళితే ఈ మూడు కొలతలూ కాగితం మీద రాసుకుని వెళ్ళండి, రీలు పేరు చెబితే అక్కడెవరికీ తెలియదు. "రెండూ కొత్తవి ఎయ్యమంటే ఏస్తా. కానీ సుమ్నే దుడ్డు దండగ ఎందుకు? ఒకటి చాలు," అన్నాడు. కొత్తదానికి అరవై, పనికి ఎనభై తీసుకున్నాడు. గేర్ల పాత జిడ్డు తుడిచి పల్చగా గ్రీజు రాశాడు. బేరింగుకు మాత్రం సూది మొనతో ఒక్క చుక్క కుట్టు మిషన్ నూనె పెట్టాడు.

దాసు వచ్చేసరికి రీలు బిగించి ఉంది. మునియప్ప వేలితో మీటితే స్పూల్ చప్పుడు లేకుండా చాలాసేపు తిరిగింది.

"ఏం చేశారండీ?" అన్నాడు దాసు.

మునియప్ప నా వైపు చూశాడు.

"బేరింగు మార్చారు," అన్నాను. అబద్ధం కాదు. నిజమూ కాదు.

పదకొండున్నరకు మార్కెట్ నుంచి అత్తిబెలె బస్సు దొరికింది. హోసూరు రోడ్డు మీద పైవంతెన స్తంభాలు లేపుతున్న కాలం. బొమ్మనహళ్ళి దాటడానికే ముప్పావు గంట పట్టింది. మీకు రెండు రోజులు వీలైతే రీలు పని ముందు రోజే చూసుకుని, మార్కెట్‌లో తొమ్మిదికే బస్సెక్కండి. దాసు కిటికీ వైపు కూర్చుని నిద్రపోయాడు. కుడిచెయ్యి ఒళ్ళో వెల్లకిలా పడి ఉంది. చెప్పవలసిన మాట ప్రభువుతో చెప్పాను. పక్కనున్న వాడితో చెప్పలేదు. ఆసుపత్రిలో ఇరవై ఎనిమిదేళ్ళుగా మందు పొరపాటు జరిగితే ముందు చెప్పండి, తర్వాత ఏడవండి అని చిన్న నర్సులకు నేర్పుతున్నదాన్ని.

ఒకటిన్నరకు అత్తిబెలెలో దిగి, ఆటోకు నలభై ఇచ్చి చెరువుకు చేరాం. మూడు కిలోమీటర్లు ఉంటుంది. చెరువును గుత్తకు తీసుకున్న వారి మనిషి గట్టు మీద గుడిసెలో ఉంటాడు. ఆయనతో చెప్పకుండా గాలం వేయకూడదు. రోజుకు యాభై. దాసు కర్రకు రీలు బిగించి, చివర రబ్బరు కప్పను కట్టాడు. కొరమీను దాన్ని నిజం కప్పనుకుని మింగుతుందట.

కాపలా ఆయన దగ్గరికొచ్చి చూశాడు. "దీనికి చేప పడతాదా సార్? మా చెరువు చేపలకి బుద్ధుండాది."

"మీ చేపల బుద్ధి చూద్దామనే వచ్చాం," అన్నాడు దాసు.

కప్పను గాలిలో వేలాడదీసి, మీట నొక్కి స్పూల్ వదిలి, అది మెల్లగా దిగి నేలను తాకగానే స్పూల్ ఆగేలా పక్క మరను బిగించాడు. కొత్త చోట మొదట చేయవలసింది ఇదే. మాగ్నెట్ బ్రేకును పదిలో ఎనిమిది మీద పెట్టాడు; అంకె ఎక్కువైతే స్పూల్‌ను బ్రేకే ఆపుతుంది, తగ్గితే ఆ పని బొటనవేలిది. ఎడమచేత్తో కుడి మణికట్టుకు ఊతమిచ్చి విసిరాడు.

కప్ప తామరాకుల అంచు దాకా వెళ్ళి పడింది. నలభై అడుగులు ఉంటుంది.

కాపలా ఆయన ఈల వేశాడు. దాసు మళ్ళీ విసిరాడు. మళ్ళీ అంతే. ఐదోసారి చుట్టుకుంటూ, తలెత్తకుండా అన్నాడు: "బేరింగు మహిమ చూశావా పెద్దక్కా. చేతిలో లేని బలం కొట్లో కొనుక్కోవాలి. సోమవారం ఆఫీసులో వాడికిస్తే సంతోషిస్తాడు."

"బేరింగు కాదు దాసూ," అన్నాను. "ఒకటే మార్చారు. అసలు బేరింగు చెడలేదన్నారు. లోపల కొబ్బరినూనె గడ్డకట్టింది. పొద్దున బిగిసింది, మధ్యాహ్నం కరిగింది. పోసింది నేను. జూలై నుంచీ."

వాడు చుట్టడం ఆపాడు.

"ఎంత పోశావు?"

"వారానికి రెండు చుక్కలు."

"చుక్కలా, గరిటెలా?"

"ఇంకు ఫిల్లరుతో."

"తలకి రాసేదా?" అన్నాడు కాపలా ఆయన. "అయితే చేప జుట్టు బాగా పెరుగుతాది."

దాసు నవ్వలేదు. నీళ్ళవైపు తిరిగాడు. "అంటే ఆ మూడు రోజులూ నా చెయ్యి..."

"బాగానే ఉంది."

"నాకు మూడు రాత్రులు నిద్ర లేదు తెలుసా?"

"తెలుసు. గోడకు ఇవతల నేనూ మేలుకునే ఉన్నాను."

కోపం వచ్చిందో లేదో వెనక నుంచి తెలియలేదు. రీలు పక్కనున్న బ్రేకు చక్రాన్ని ఎనిమిది నుంచి నాలుగుకు తిప్పడం మాత్రం చూశాను. మణికట్టు కింది నుంచి ఎడమచెయ్యి తీసేశాడు. ఒక్క కుడిచేత్తోనే విసిరాడు. కప్ప చాలా ఎత్తుకు లేచింది. బొటనవేలు ఒక క్షణం ఆలస్యమైంది. స్పూల్ మీద దారమంతా పొంగి చిక్కుపడింది. కప్ప మా కాళ్ళ దగ్గరే నీళ్ళలో పడింది.

జడలోంచి పిన్ను తీసి చెయ్యి చాచాను. "ఇటివ్వు, నేను తీస్తాను."

"పిన్ను ఇవ్వు చాలు," అన్నాడు. "ఇది కొబ్బరినూనె కాదు. ఈ తప్పు నాదే. నేనే తీసుకుంటా."

గట్టు మీద కూర్చుని, కుడి బొటనవేలితో స్పూల్‌ను అదిమి పట్టి, పిన్నుతో ఒక్కొక్క పోగూ లాగాడు. అదమడం, వదలడం, మళ్ళీ అదమడం. లెక్కపెట్టడం నా అలవాటు. నలభై దాకా లెక్కపెట్టి మానేశాను. అరగంట పట్టింది. కాపలా ఆయన విసుగెత్తి గుడిసెకు వెళ్ళిపోయాడు. ఉప్మా డబ్బా చల్లారింది.

ఐదింటి బస్సుకు వచ్చేశాం. చేప పడలేదు. సోమవారం రీలు ఇంట్లోనే ఉంది, ఇప్పటికీ ఉంది. ఆ రోజు గురించి ఆలోచిస్తే నాకు రీలు కన్నా ఆ చిక్కే గుర్తొస్తుంది. తన తప్పు కానిదాన్ని మోసినన్నాళ్ళూ దాసు కుంగిపోయాడు. తన తప్పు తనకు దొరికాక కూర్చుని సరిచేసుకున్నాడు. ప్రేమతో చేశాను కదా అని నేను ఆ నూనె సంగతి దాచి ఉంటే, వాడి చెయ్యి వాడికి తిరిగి వచ్చేది కాదు.

రీలు ఉన్నవారికి ఒక్క మాట. బేరింగుకు కుట్టు మిషన్ నూనె ఒక్క చుక్క చాలు, అదీ పాతది కడిగాకే. కొబ్బరినూనె వద్దు. ఇప్పటికే పోసి ఉంటే, బాగుచేయించే ముందు ఆ సంగతి రీలు ఎవరిదో వారికి చెప్పండి.