అన్నయ్యను లంకలో దించి వచ్చాను

పొద్దున్న ఏడున్నరకు రావలసిన పాసింజరు ఆ రోజు కూడా తాడేపల్లిగూడెంలో ఆలస్యంగానే వచ్చింది. రైలు ఆలస్యమైనందుకు నేను సంతోషించింది ఆ ఒక్కసారే. ఎందుకంటే మా అన్నయ్య సూర్యం ప్లాట్‌ఫారం చివర మూటమీద కూర్చుని "నేను రానే చెల్లాయ్, నన్నొదిలెయ్" అని మొండికేశాడు. నలభై దాటిన మగవాణ్ణి ఆడది చెయ్యి పట్టుకుని లాగుతుంటే చూసేవాళ్ళు చూశారు. నా నోరూ, నా పట్టూ రెండూ మంచివి కావని మా వారు పెళ్ళైన నాటినుంచి అంటూనే ఉన్నారు. ఆ రోజు పట్టు పనికొచ్చింది. బండి ఎక్కించాను.

మేము వెళ్ళింది తీర్థానికీ కాదు, పెళ్ళికీ కాదు. మా అన్నయ్య నాటకాల కంపెనీలో హార్మోనియం వాయించేవాడు. తెల్లవార్లూ ఆట, పగలంతా బండి ప్రయాణం, మళ్ళీ చీకటి పడితే ఆట. అలుపు తెలియదని, వేళ్ళు నొప్పెట్టవని ఎవరో శనగగింజంత నల్లమందు ఉండ ఇచ్చారు. మొదట ఆట ఉన్న రోజున వేసుకునేవాడు. తరువాత ఆట లేని రోజున కూడా వేసుకున్నాడు. చివరికి నల్లమందు మిగిలింది, ఆట పోయింది. వదిన పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. అన్నయ్య మా ఇంటికి చేరాడు.

నేను తిట్టాను, ఏడ్చాను, ఒట్లు వేయించుకున్నాను. ఒకసారి గదిలో పెట్టి బయట గొళ్ళెం వేశాను. పెరటి గోడ దూకి దుకాణానికి వెళ్ళాడు. ఆ దుకాణమేమైనా దొంగచాటుదా? సర్కారు లైసెన్సు తగిలించుకుని బజారు నడిబొడ్డున ఉండేది. పప్పులూ ఉప్పులూ కొన్నట్టే కొనుక్కుని వచ్చేవాడు.

మా వారు పనిచేసే బియ్యం కొట్టుకు ఏలూరునుంచి మస్తానుగారని ఒక తివాచీల నేతగాడు వస్తూ ఉండేవాడు. ఆయనే చెప్పాడు, కొల్లేటిలో ఒక లంక ఉందని, అక్కడ నల్లమందు మానినవాళ్ళే మానదలచినవాళ్ళను పక్కన పెట్టుకుని మాన్పిస్తారని. వైద్యుడు లేడు, మంత్రగాడు లేడు అన్నాడు. వైద్యుడు లేకపోతే ఎలాగని నేననుకున్నాను గాని, వైద్యులందరూ అయిపోయారు కనుక బయలుదేరాను. మా వారికి సెలవు దొరకలేదు.

మూడో తరగతి పెట్టెలో పొగాకు బేరగాడొకాయన మాకు చోటిచ్చాడు. అన్నయ్య ఆవలింతలూ, కళ్ళవెంట నీళ్ళూ చూసి "ఏం జబ్బండీ ఆయనకి?" అన్నాడు.

"చలిజ్వరమండీ. కొల్లేటికి తీసుకెళ్తున్నాను" అన్నాను.

"బలేవారండీ! కొల్లేటికి జ్వరం తగిలించుకోడానికి వెళ్తారు గానీ, తగ్గించుకోడానికి ఎవరన్నా వెళ్తారా?" అని ఆయన నవ్వాడు. అన్నయ్య కూడా నవ్వాడు. వాడి నవ్వు విని చాలా కాలమైందని నాకప్పుడు తట్టింది.

ఏలూరులో దిగేసరికి తొమ్మిదిన్నర. మస్తానుగారు స్టేషనుకు వచ్చి మమ్మల్ని తివాచీ మగ్గాలుండే తన వీధికి తీసుకెళ్ళాడు. వీధంతా ఉన్ని వాసన. ఇంట్లో మగ్గం మీద సగం నేసిన తివాచీ, దాని ముందు కూర్చుని నేయడానికి ఒక చెక్క పలక. ఆయన భార్య మాకు మంచినీళ్ళూ అరటిపళ్ళూ ఇచ్చి, నేను తెచ్చుకున్న పులిహోర తినడానికి వసారాలో పీటలు వేసింది. మస్తానుగారు అన్నయ్య ఎదుట కూర్చుని తన సంగతి తనే చెప్పాడు.

"ఉన్నిదుమ్ముకి దగ్గు పట్టుకుందండి. దగ్గుకి మందు పట్టుకుంది. దగ్గు పోయింది గానండి, మందు పోలేదు. మీకు ఒళ్ళంతా చీమలు పాకినట్టుంటాది కదండీ ఈపాటికి?"

అన్నయ్య తల ఎత్తి చూశాడు. "మోకాళ్ళ దగ్గరండి" అన్నాడు.

"అవునండి. ముందు మోకాళ్ళ దగ్గరే" అన్నాడు మస్తానుగారు.

అంతే మాట్లాడుకున్నారు. అన్నయ్య మళ్ళీ ఇంటికి పోదామనలేదు. ఇన్నేళ్ళలో నేను వాడిని ఎన్నో అడిగాను, మోకాళ్ళ సంగతి ఎప్పుడూ అడగలేదు.

పన్నెండు గంటలకు జట్కా ఎక్కి కాలవగట్టు వెంట వెళ్ళాము. రోడ్డనడానికి నోరు రాదు, గోతుల మధ్య అక్కడక్కడ మట్టి ఉంది. కార్తీకమాసం కనుక ఎండ బాధ లేదు. మూడింటికి సరస్సు ఒడ్డుకు చేరాము. ముందు మనిషెత్తు కిక్కిస గడ్డి దుబ్బులు, వాటి వెనక ఎక్కడ ఆగిందో తెలియని నీళ్ళు, లెక్కలేనన్ని బాతులు. పడవ ఎక్కేముందు మస్తానుగారు నన్ను పక్కకు పిలిచాడు.

"మీ దగ్గర ఏమీ లేదు కదండీ, చెల్లెమ్మా?"

"లేదండీ" అన్నాను.

ఉంది. సున్నపు డబ్బీలో, ఆకు చుట్టి ఒక్క ఉండ దాచాను. ఒక్కసారిగా మానితే గుండె ఆగి చస్తారని మా వీధిలో పింఛను పుచ్చుకునే పెద్దాయన చెప్పాడు. అన్నయ్య ప్రాణం మీదికి వస్తే ఉంటుందని తెచ్చాను. అడిగిన మనిషి మొహం చూస్తూ అబద్ధం చెప్పడానికి నాకు కష్టమనిపించలేదు. నేను మంచిపనే చేస్తున్నాననుకున్నాను.

లంక పేరు రాయవద్దని వాళ్ళు అడిగారు, రాయను. నీళ్ళమధ్య ఎత్తు దిబ్బ, దానిమీద పాతిక తాటాకు ఇళ్ళు, వలల వాసన. అక్కడివాళ్ళు తాటి దోనెలలో వేటకు పోతారు. తాటిమాను చీల్చి తొలిచిన దోనె అది, ఒంటిగా ఉంటే తుమ్మినా పక్కకు ఒరుగుతుంది. కొత్తగా మందు మానేవాడి దోనెను, మానినవాడి దోనెతో వెదుళ్ళు అడ్డం వేసి కట్టేస్తారు. ఆ జంట మీదే ఇద్దరూ వేటకు పోవాలి, రావాలి. ఒంటరిగా నీళ్ళమీదికి వెళ్ళేవాడు అవతలి ఒడ్డు బజారుకు పోతాడని వాళ్ళకు తెలుసు. అందరూ అలా పోయినవాళ్ళే. చివరి ముడి కొత్తవాడు తన చేత్తో వెయ్యాలి, మళ్ళీ మందు తిన్న నాడు కట్టు విప్పెయ్యాలి, అదీ అక్కడి ఆచారం.

అన్నయ్యకు జంట ఏడుకొండలనే బెస్తమనిషి. వయసులో చిన్నవాడే, చలినీళ్ళలో నిలబడే పనికి మందు మరిగి, మానినవాడు. "హార్మనీ మేష్టారంటగా తమరు! తెడ్డు పట్టుకోడం రాకపోయినా పర్లేదండి, ముడి మటుకు గట్టిగా ఎయ్యండి" అన్నాడు. అన్నయ్య ముడి వేశాడు. అది వదులుగా ఉందని నేను లోపల సణుక్కున్నాను.

సాయంకాలం వలలు ఆరవేసే చోట అందరూ కూర్చున్నారు, పది మంది దాకా. లంకవాళ్ళు కొందరు, మస్తానుగారిలా బయటినుంచి వచ్చేవాళ్ళు కొందరు. ఆడవాళ్ళం వెనక చేపలు బాగుచేసే బల్ల దగ్గర కూర్చున్నాము. ఒక్కొక్కరూ తన వంతు రాగానే "ఈ రోజు తినలేదండి" అనడం, పక్కవాడు "మంచిదండి" అనడం. మనసు పీకిందా, కాళ్ళు లాగాయా, ఎవరి మీద కోపమొచ్చింది, అంతా చెప్పుకున్నారు. ఎవరూ ఎవరికీ నీతులు చెప్పలేదు. అరగంటసేపు నీతి చెప్పకుండా కూర్చున్న పదిమంది మగవాళ్ళను నేను మరెక్కడా చూడలేదు.

మర్నాడు అన్నయ్యకు వాంతులు పట్టుకున్నాయి. అయినా దోనె ఎక్కాడు. సాయంకాలం వణుకుతూ వచ్చి కూర్చుని "తినలేదండి" అన్నాడు. "అబ్బో, మేష్టారు నెగ్గారు!" అని అందరూ నవ్వారు. వాడి మొహంలో చిన్నప్పటి కళ కనబడింది. నా కడుపు నిండిపోయింది.

ఆ మరునాటి మధ్యాహ్నం ఏడుకొండలు మజ్జిగ తేవడానికి వెళ్ళాడు. అన్నయ్య చాపమీద పడి కాళ్ళు కొట్టుకుంటున్నాడు. పళ్ళు కరిచిపట్టినా మూలుగు ఆగలేదు. చెమటలో తడిసిన ఆ ఒళ్ళు చూసి నాకు పెద్దాయన మాట గుర్తొచ్చింది. వీడు పోతే వదినకు ఏం చెప్పను? సున్నపు డబ్బీ తీసి, ఆకు విప్పి, ఉండ వాడి కళ్ళముందు పెట్టాను.

అన్నయ్య చాలాసేపు దానివంకా నా వంకా చూశాడు.

"ఇన్నాళ్ళూ అడిగితే తిట్టావు. ఇవాళ నేను అడగలేదు కదే" అన్నాడు.

అని, నోరు తెరిచాడు.

ఆ సాయంకాలం వాడు అబద్ధమాడితే ఎవరికీ తెలిసేది కాదు. తన వంతు వచ్చినప్పుడు "తిన్నానండి" అన్నాడు. అంతకు మించి చెప్పలేదు, నా పేరెత్తలేదు. ఏడుకొండలు లేచి రేవులోకి వెళ్ళి వెదుళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. నాకు కూర్చోబుద్ధి కాలేదు. మగవాళ్ళ మధ్యకు వెళ్ళి "నేనిచ్చానండీ. తెచ్చిందీ నేనే" అన్నాను.

తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నాకు మా ఆవిడ ఇచ్చిందండి, నా బాధ చూడలేక" అన్నాడు ఒకాయన.

"నాకు మా బావ" అన్నాడు ఇంకొకాయన.

"మా అమ్మ కొంగున ముడేసి తెచ్చిందండి, ఏలూరునుంచి ఇక్కడిదాకా" అన్నాడు మస్తానుగారు. "మీ మూట ఒడ్డునే వెతకవలసింది. ఆడమనిషి మూట విప్పమంటే బాగోదని ఊరుకున్నాను. తప్పు నాదే."

"ఆ కొట్టుకోడం చూడలేకపోయానండీ. చచ్చిపోతాడనుకున్నాను" అన్నాను.

"మేమూ అలాగే అనుకున్నామండి, ఎవడూ చావలేదు. ఆ మాట మీరు చెబితే ఆయన నమ్మరు. మీరెప్పుడూ తినలేదు కదా! మేం చెబితే నమ్ముతారు. తిట్టేవాళ్ళతో మొండికెయ్యొచ్చండి, జాలిపడేవాళ్ళతో ఎలా వేగడం? మీరు రేపు వెళ్ళిపోండి, చెల్లెమ్మా" అన్నాడు మస్తానుగారు.

ఆ మాటలో కటువు లేదు. నన్ను పంపించేస్తున్నారని అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. వాడిని రైలెక్కించి, జట్కా ఎక్కించి, లాక్కొచ్చింది నేను. వాడు బాగుపడటం చూడటానికి మాత్రం నాకు చోటు లేదు. ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, దాచుకోను.

తెల్లవారి రేవులో ఏడుకొండలు మళ్ళీ వెదుళ్ళు అడ్డం వేస్తున్నాడు. తినినవాడిని వెళ్ళగొట్టరట, మొదటినుంచి మొదలుపెడతారట. అన్నయ్య తాడు పట్టుకుని నిలబడ్డాడు, కాని ముడి వెయ్యలేదు.

"తమరుండగా ఎయ్యరంటండి" అన్నాడు ఏడుకొండలు నాతో, మొహమాటపడుతూ.

అన్నయ్య దగ్గరకు వెళ్ళాను. ఏమైనా పంపమంటావా అని అడిగాను. వద్దన్నాడు.

"నేను కబురు చేసినా రాకే చెల్లాయ్. ఒంట్లో బాగోలేదని చెప్పించినా రాకు" అన్నాడు. వాడి కళ్ళలో నీళ్ళు నా కోసమో, మందు కోసమో తెలియలేదు. నేను సరే అన్నాను. నా జన్మలో వాడికి ఎదురు చెప్పకుండా సరే అన్నది అప్పుడే.

పడవ కదిలాక వెనక్కి తిరిగి చూశాను. వాడు వంగుని ఉన్నాడు. ముడి వేశాడో లేదో కనబడకుండా కిక్కిస అడ్డం వచ్చింది.

మధ్యాహ్నానికి ఏలూరు చేరాము. దారిలో మస్తానుగారు మగ్గం సంగతులు చెబుతూ వచ్చాడు, నేను విన్నాననే అనుకున్నాడు. ఎవరైనా తమవాళ్ళను అక్కడికి తీసుకెళ్ళదలిస్తే ఏలూరు తివాచీ వీధిలో ఆయన పేరు అడగండి. దోమతెర మరచిపోవద్దు. రెండు పాత పంచెలూ, ఒక దుప్పటీ చాలు. పడవ ఎక్కేముందు మీ మూట మీరే విప్పి చూపించండి, వాళ్ళు అడగడానికి మొహమాటపడతారు. దించి, ఆ పడవలోనే తిరిగి వచ్చెయ్యండి. నేను ఉండిపోయాను, ఆ రెండు రోజులూ నాకు జీవితాంతం చాలు.

మూడు గంటల బండిలో ఆడవాళ్ళ పెట్టెలో చోటు దొరికింది. రాజమండ్రి వెళ్ళే చిన్నవయసు తల్లి ఒకతె నా ఎదుట కూర్చుంది, ఒళ్ళో ఏడాది నిండని మగబిడ్డ. దెందులూరు దాటకముందే గుక్కపట్టి ఏడవసాగాడు. పాలిచ్చినా పట్టలేదు. పక్కవాళ్ళు విసుక్కున్నారు. ఆ పిల్ల సంచీలోంచి చిన్న సత్తు డబ్బీ తీసి, మూత విప్పి, చిటికెనవేలి గోటితో నల్లటి దానిని ఆవగింజంత గీరింది.

"ఏమిటమ్మా అది?" అన్నాను, తెలిసినా.

"నిద్రమందండి. మా అత్తగారు పెట్టమన్నారు. పాపం, ఏడుపు చూడలేకపోతున్నానండి" అంది.

ఆ పిల్లను కోప్పడటానికి నాకు నోరు రాలేదు. "నాకియ్యమ్మా, కాసేపు నేనెత్తుకుంటాను. ఏడవనీ" అన్నాను. వేలు తుడుచుకుని ఇచ్చింది. భీమడోలు, చేబ్రోలు, ఉంగుటూరు, అన్నీ వాడు ఏడుస్తుండగానే దాటాయి. భుజం తడిసిపోయింది, చెవులు గింగురుమన్నాయి. "ఆ పసివాడి ప్రాణం తీస్తారా ఏమిటండీ, ఏదో ఒకటి పెట్టి పడుకోబెట్టకా?" అని ఒకావిడ నామీద లేచింది. నేను నిలబడి ఊపుతూనే ఉన్నాను.

గూడెంలో బిడ్డను తల్లికిచ్చి దిగాను. బండి కదిలింది. ఏడుపు వినబడినంతసేపూ నా ప్రాణం కుదుటగానే ఉంది. నాలుగు పెట్టెలు దాటకముందే ఏడుపు ఆగిపోయింది. అలసి నిద్రపోయాడో, డబ్బీ మూత తీశారో నాకు తెలియదు. మా వారు గేటు దగ్గరినుంచి పిలుస్తున్నా వినిపించుకోకుండా, ఒక బిడ్డ ఏడుపు మానాడని ప్లాట్‌ఫారం మీద నిలబడి ఏడ్చాను.