కాలు మోపిన చోట

వడ్రంగి చిత్రిక పడుతుంటే టేకు వాసన ఇల్లంతా పట్టేసింది. విజయనగరంలో మేము కట్టుకుంటున్న ఇంట్లో ముందు గదికి చెక్క నేల వేయించాను. బంధువులకిదంతా పిచ్చిగా కనిపించింది. టైల్స్ వేసుకుంటే తడిగుడ్డతో ఒక్క తుడుపుతో పోయేదానికి, చెదలుంది, వానాకాలముంది, ఈ తంటా ఎందుకని మా అత్తగారు రోజూ అడిగేవారు. ఆ పిచ్చి నాకు అంటించిన మనిషి మా అప్పలనరసమ్మ టీచరు. చీపురుపల్లిలో ఆవిడ దగ్గర కూచిపూడి నేర్చుకున్నానని చెప్పుకోవడం నాకిప్పటికీ గర్వమే.

సన్నగా, చామనఛాయగా ఉండేవారు. గొంతు మాత్రం స్టేషన్లో రైలు కోసం నిలబడ్డవాళ్ళకి కూడా వినిపిస్తుందని మేము ఆటపట్టించేవాళ్ళం. మాది బాప్టిస్టు చర్చి కుటుంబం. ఆదివారం ఆరాధన అయ్యాక నేరుగా ఆవిడ ఇంటికి వెళ్ళేదాన్ని. నాట్యం మొదలుపెట్టేముందు నేలకి నమస్కారం చెయ్యాలి కదా, తొలిరోజు నేను బిక్కమొహం వేసుకుని నిలబడితే, "నువ్వు ఎవుల్ని తలుసుకుంటావో నీ ఇష్టమే గ్రేసూ. కాలు మోపినదానికి మాత్రం దణ్ణమెట్టాల. రేపట్నుంచి దాన్ని తన్నబోతన్నావు గదా!" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, వంగి నేలను తాకాను. ఆ తరువాత క్లాసులో ఏ రోజూ మానలేదు.

ఇంటర్ చదువుతున్నప్పుడు, 2011 ప్రాంతంలో అనుకుంటాను, నాకు మోకాళ్ళ కింద ఎముక నొప్పి మొదలైంది. క్లాసు నుంచి కుంటుకుంటూ వచ్చేదాన్ని. అమ్మ కొన్నాళ్ళు నూనె రాసి చూసింది, ఆపైన నా చెయ్యి పట్టుకుని టీచరు ఇంటికి లాక్కుపోయింది. "ఆడపిల్లకి కాళ్ళు పాడైపోతే ఎవులు సూస్తారు టీచరుగారూ? మానిపించేస్తన్నాను" అంది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నాట్యం లేకపోతే నాకింకేమీ లేదనిపించే వయసు అది.

టీచరు అమ్మతో వాదించలేదు. నన్ను గచ్చు మీద కాసేపు ఆడించారు, తరువాత పెరట్లో మట్టి మీద అవే అడుగులు వేయించారు. మట్టి మీద నొప్పి చాలా తక్కువగా ఉంది. ఆ సంగతి చెప్పగానే ఆవిడ తల పట్టుకున్నారు. "ఈ పిల్ల కాల్లో తప్పు లేదమ్మా, నా గచ్చులో ఉన్నాది. కొత్తింట్లో సెక్క నేల ఏయిస్తాను, అందాకా రెస్టు తీసుకోనీ. అప్పుడూ నొప్పొస్తే నేనే మానిపిస్తాను" అన్నారు. పక్క స్థలంలో వాళ్ళ కొత్త ఇల్లు అప్పటికి గోడల దాకా లేచింది. అమ్మ సరేనంది కానీ ముఖంలో నమ్మకం లేదు.

ఆవిడ భర్త, మేము మావయ్యగారనేవాళ్ళం, హాలుకి పాలరాయి వేయించాలని ఎప్పటినుంచో కలలు కంటున్నారు. "ఊరంతా మార్బులేస్తంటే మనం సెక్కలేసుకోటమేటి? నవ్వుతారు" అన్నారు. "నవ్వనీండి. ఆళ్ళొచ్చి మనింట్లో గెంతుతారేటి?" అన్నారు టీచరు. పాలరాయి చివరికి పూజగదికి దక్కింది.

చెక్క కొనడానికి విజయనగరం కలప డిపోకి మమ్మల్ని కూడా తీసుకెళ్ళారు. కొట్టాయన నున్నగా మెరిసే పలకలు చూపించి, "అద్దంలా ఉంటాది టీచరమ్మా" అన్నాడు. "అద్దం గోడకి ఎట్టుకుంటాం గానీ నేల మీదెందుకయ్యా?" అంటూ ఆవిడ చెప్పులు విడిచి, పలకలు కింద పరిపించి, వాటి మీద నీళ్ళు చల్లి అడుగు వేశారు. కాలు జారింది. పక్కకి తోసేశారు. చీర కుచ్చిళ్ళు దోపుకుని వరసగా అన్నింటి మీదా తాళం వేసుకుంటూ ఆడుతుంటే రంపాలు ఆగిపోయాయి, కూలీలు చుట్టూ చేరారు. మాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. చివరికి పాలిష్ లేని, చేవ ఉన్న టేకు దగ్గర ఆగి, "ఇదే. నా పిల్లలు జారరు" అన్నారు. ఆ మాట వినగానే మా సిగ్గు ఎటు పోయిందో తెలియదు.

అంత చేసీ ఒకచోట ఆవిడే పొరబడ్డారు. గచ్చు మీద జిగురు పోసి పలకలు అతికించేశారు. గృహప్రవేశానికి ముందురోజు, చుట్టాలందరూ మెచ్చుకుంటుండగా ఆవిడ మడమతో ఒక్కటి తట్టారు. చప్పుడు మొద్దుగా వచ్చింది. నన్ను తట్టమన్నారు. ఎముకలో పాత పోటు మళ్ళీ కలుక్కుమంది. నా ముఖం చూసి వడ్రంగిని పిలిచారు. "పీకెయ్ నాయనా. సిమెంటు మీద అతికించిన సెక్క సిమెంటే. ఆమాత్రం తెలీకపోడం నా తప్పే" అని అందరి ముందూ అన్నారు. మావయ్యగారు మాత్రం కుర్చీలో కూలబడ్డారు. కింద దూలాలు పరిచి, గాలి ఆడేలా ఖాళీ ఉంచి, పైన పలకలు మళ్ళీ బిగించే పని మొదలైంది. గృహప్రవేశం ఆ సగం నేల మీదే జరిగిపోయింది.

నేల పూర్తయ్యాక మొదట నన్నే ఆడమన్నారు. అమ్మ గోడకి ఆనుకుని కూర్చుని నా పాదాలనే చూస్తోంది. అడుగు వేస్తే చెక్క లోపలినుంచి గుమ్మని మోగింది, కాలిని కాస్త పైకెత్తి అప్పగించినట్టుంది. చెమట కారేదాకా ఆడాను. నొప్పి రాలేదు. టీచరు నన్నేమీ అడగలేదు. అమ్మ వైపు తిరిగి, "ఏటమ్మా, మానిపించేయమంటావా?" అన్నారు. అమ్మ కళ్ళు తుడుచుకుని, "దీని గజ్జెలు పాతబడిపోనాయి టీచరుగారూ, కొత్తయి కొనాల" అంది.

టీచరు ఇప్పుడు లేరు. నేను పిల్లలకి నేర్పుతున్నాను. మొన్న మా వడ్రంగి, "కింద దూలాలెందుకమ్మా, జిగురెట్టి అతికించేద్దాం" అంటే, నా నోటి వెంట ఆవిడ మాటే, ఆవిడ యాసలోనే వచ్చేసింది. నిన్నటికి పని అయిపోయింది. అమ్మను పిలిపించి చూపించాను. ఎలా మోగుతుందో వినిపించాలన్న ఆత్రంలో ఆమె ముందే తట్టడానికి కాలు ఎత్తాను.

"ఆగే!" అంది అమ్మ. "ముందు దణ్ణమెట్టు. టీచరుగారు సూస్తే ఊరుకుంటారేటి?"

ఎత్తిన కాలు దించి, వంగి నేలను తాకాను.